స్టాంపు అయిపోయింది, టెంటు బుక్కయిపోయింది

సియాటిల్ దగ్గర్లో ఉండే ఒక పాఠకురాలు మాకు పెద్ద ఉత్తరమే రాశారు. పేరు వేయవద్దన్నారు. ఆమె చెప్పినదాన్ని కుదించి ఇక్కడ ఇస్తున్నాం.

"మావారు హెచ్-1బి మీద ఉద్యోగం చేస్తున్నారు. నేను హెచ్-4, అంటే ఆయన వీసా మీద ఆధారపడిన భార్య వీసా. ఎనిమిదేళ్ల పాప, ఇక్కడే పుట్టింది. ఏప్రిల్‌లో మా అత్తగారు, మామగారు గుంటూరు నుంచి వచ్చారు. సెప్టెంబరు చివర్లో వెళ్లిపోతారు. మావారి స్నేహితులవి రెండు కుటుంబాలు, వాళ్లందరికీ గ్రీన్‌కార్డులున్నాయి. జూలైలో అందరం కార్లలో కెనడా వెళ్లి బాన్ఫ్ నేషనల్ పార్కులో ఆరు రాత్రులు టెంట్లలో ఉండాలని వాళ్లు ఎప్పుడో అనుకుని సైట్లు బుక్ చేసేశారు. మావారు నన్నడక్కుండానే సరేనన్నారు. మా పాస్‌పోర్టుల్లో అమెరికా వీసా స్టాంపు గడువు పోయినేడాదే అయిపోయింది. మావారి ఎక్స్‌టెన్షన్ వచ్చింది, ఐ-797 (అప్రూవల్ నోటీసు) చేతిలో ఉంది. ‘కెనడాకైతే స్టాంపు అక్కర్లేదు, ఏదో రూలుంది, అందరూ వెళ్లొస్తున్నారు’ అంటారు. వెనక్కి రానివ్వకపోతే ఇల్లు, పాప స్కూలు ఏం కావాలి? అడిగితే ‘నీకు ప్రతిదానికీ టెన్షనే’ అని కొట్టిపారేస్తారు. మరిది వరసైన ఒకతను ‘వెళ్లిరండి వదినా, తిరిగొచ్చేటప్పుడు పెద్దవాళ్లకి కొత్తగా మళ్లీ ఆర్నెల్ల గడువు వేస్తారు’ అంటున్నాడు.

మా అత్తగారు బయట తినరు. మిగతావాళ్లు చికెన్ గ్రిల్ చేసుకుంటారు కాబట్టి ఆవిడకి విడిగా వండాలి. ఎలాగూ వండుతున్నావుగా అని రోజూ రాత్రి పదమూడు మందికీ వంట నా పేరు మీద వాట్సాప్ గ్రూపులో రాసేశారు. మామగారు ఆర్టీసీలో డ్రైవరుగా చేసి రిటైరయ్యారు. షుగరుంది, రాత్రి మూడు నాలుగుసార్లు లేస్తారు. నాతో మాత్రం ‘టెంట్లో నావల్ల కాదమ్మా. వాడితో అనకు, ముచ్చటపడుతున్నాడు’ అన్నారు. వద్దంటే అత్తమామల్ని తిప్పడం ఇష్టంలేని కోడలినవుతాను. వెళ్దామంటే భయం. ఏం చేయమంటారు?"

మీ అసలు ఉత్తరంలో ముప్పాతికవంతు స్టాంపు గురించే ఉంది. వంట గురించి నాలుగు వాక్యాలు, మామగారి గురించి రెండు. స్టాంపు భయం నిజమైనదే. కానీ ఈ ప్రయాణం వద్దనడానికి మీ ఇంట్లో చెల్లే కారణం అదొక్కటే అనిపించి దాన్ని మరీ గట్టిగా పట్టుకున్నారేమో అని నాకు తోచింది. "నాకు ఓపిక లేదు" అంటే సాగదీస్తారు, "వీసా ప్రాబ్లం" అంటే ఎవరూ మాట్లాడలేరు. చిక్కేమిటంటే, రేపు లాయరు "పర్వాలేదు, వెళ్లండి" అని మెయిల్ ఇచ్చాడంటే ఆ కారణం అక్కడితో పోతుంది. పదమూడు మంది వంట మాత్రం మీకే మిగులుతుంది. అందుకని ఈ రెంటినీ విడదీద్దాం. బార్డర్ సంగతి కాగితాలు చూస్తే తేలేది కాబట్టి ముందు అది.

మీవారు చెప్పే రూలు ఉన్నదే. దాన్ని ఆటోమేటిక్ రీవాలిడేషన్ అంటారు, అమెరికా ఫెడరల్ నిబంధనల్లో 22 సీఎఫ్ఆర్ 41.112(డి) కింద వస్తుంది. కెనడాకో మెక్సికోకో 30 రోజులు మించకుండా వెళ్లొస్తే, పాస్‌పోర్టు చెల్లుబాటులో ఉండి, ఐ-94 (అమెరికాలో ఎప్పటిదాకా ఉండవచ్చో చెప్పే రికార్డు) గడువు మిగిలి ఉంటే, తేదీ దాటిన స్టాంపుతోనే మళ్లీ లోపలికి రానిస్తారు. హెచ్-1బి వాళ్లు, హెచ్-4 వాళ్లు చాలామంది దీనిమీదే వెళ్లొస్తుంటారు. అక్కడున్నప్పుడు కొత్త అమెరికా వీసాకి మాత్రం అప్లై చేయకూడదు, చేస్తే ఈ సదుపాయం పోతుంది. అప్పుడు స్టాంపు పడితేనే వెనక్కి రావడం. 2025 సెప్టెంబరు నుంచి ఎవరి దేశంలో వాళ్లు, లేదా చట్టప్రకారం నివాసం ఉన్నచోట, స్టాంపింగ్‌కి వెళ్లమంటున్నారు కాబట్టి అది ఇండియా ప్రయాణం కిందికి తేలొచ్చు. "ఎలాగూ వెళ్తున్నాం కదా, వాంకూవర్లో ఓ ప్రయత్నం చేద్దాం" అని ఎవరైనా అంటే వినొద్దు.

ఇంతవరకూ మీవారిది రైటు. ఇక మీ ఉత్తరంలో లేని మాట ఒకటుంది. మీవారి ఎక్స్‌టెన్షన్ వచ్చిందన్నారు. మీదో? హెచ్-4 పొడిగింపు భర్త అప్రూవల్‌తో దానంతటదే వచ్చేయదు. దానికి వేరే దరఖాస్తు, వేరే నోటీసు, ఆ నోటీసు అడుగున మీ పేరు మీద వేరే ఐ-94 ఉంటాయి. ఆయనది వచ్చి భార్యది నెలల తరబడి పెండింగ్‌లో ఉండటం మామూలే. మీ పాత ఐ-94 అయిపోయి కొత్తది ఇంకా రాకపోతే ఈ రూలు ఆయనకి వర్తిస్తుంది, మీకు వర్తించదు. ఆయన కారు దాటుతుంది, మీరు అక్కడ నిలబడిపోతారు. కాబట్టి ఈ ఉత్తరం చదవగానే ఫైలు తీసి మీ పేరున్న కాగితం మీద తేదీ చూడండి. ఆన్‌లైన్‌లో కనిపించే ఐ-94 మీరు చివరిసారి దేశంలోకి వచ్చినప్పటిది, అప్రూవల్ నోటీసు అడుగున ఉన్నది దాని తర్వాతది. రెండూ ప్రింటు తీసుకుని, నోటీసు అసలు కాపీతో పాటు కార్లో పెట్టుకోండి. ఆ రూలు ప్రింటు కూడా ఉంటే మంచిది. బూత్‌లో ఉన్న ఆఫీసర్ తేదీ దాటిన స్టాంపు చూసి లోపలికి వెళ్లి కూర్చోమన్నా కంగారుపడకుండా చూపించవచ్చు.

మీవారి కంపెనీకి ఇమిగ్రేషన్ లాయరు ఉండే ఉంటారు. ఇద్దరి నోటీసులూ జతచేసి "ఈ తేదీల్లో రోడ్డు మీద కెనడా వెళ్లొస్తే ఇబ్బందా?" అని ఒక మెయిల్ పెట్టించండి, మిమ్మల్ని కాపీలో ఉంచమనండి. వాట్సాప్ గ్రూపు అనుభవాలు ఎన్ని విన్నా మీ భయం తగ్గదు, అవి మీ కాగితాలు కావు గదా. లాయరు జవాబు మీరు స్వయంగా చదివితే తగ్గుతుంది, లేదా భయపడాల్సిందే అని తేలుతుంది. రెండూ మంచివే.

వెనక్కి రావడం గురించి ఇంత ఆలోచిస్తున్న మీ ఇంట్లో కెనడా లోపలికి వెళ్లే వీసా గురించి ఎవరూ మాట్లాడినట్టు లేదు. స్నేహితులు అంత ధీమాగా ఉండటానికి కారణం, 2022 ఏప్రిల్ నుంచి అమెరికా గ్రీన్‌కార్డు ఉన్నవాళ్లకి కెనడా వీసా అక్కర్లేదు. పాస్‌పోర్టు, కార్డు చాలు. మీ పాపకీ అక్కర్లేదు. మీ దంపతులకి, అత్తమామలకి మాత్రం కావాలి. మనిషికి 100 కెనడా డాలర్లు, వేలిముద్రలకి 85, కుటుంబంగా ఒకేసారి పెడితే వేలిముద్రలకి మొత్తం 170 దాటదు. అప్రూవ్ అయ్యాక స్టిక్కరు కోసం పాస్‌పోర్టులు పంపాలి. అత్తమామల పాస్‌పోర్టులు తిరుగు ప్రయాణం ముందు ఎక్కడో పోస్టులో ఉండటం మీకిష్టమా కాదా అన్నది కూడా ఆలోచించాలి. ఇది ఎన్నాళ్లలో వస్తుందో ముందే ఎవరూ రాసివ్వలేరు. వెళ్లేది జూలై అయితే ఈ వారమే పెట్టాలి. వీసా ఒకరికి వచ్చి ఒకరికి రాకపోతే ఏం చేస్తారో కూడా ఇప్పుడే అనుకోవాలి.

మీ మరిది చెప్పిన ఆర్నెల్ల సంగతి పట్టించుకోవద్దు. అత్తమామలు కెనడాలో వారం ఉండి వస్తే సాధారణంగా అదే ఐ-94, అదే గడువు కొనసాగుతుంది. కొత్తగా వేయమని పెద్దవాళ్లచేత బూత్ దగ్గర అడిగించడమంటే లేని అనుమానాన్ని పుట్టించడమే. సెప్టెంబరులో వెళ్తున్నారు కదా, ఆ అవసరమే లేదు.

మిగతా కాగితాలు చిన్నవి. కారు ఇన్సూరెన్స్ వాళ్లకి ఫోన్ చేస్తే కెనడాకి చెల్లే కార్డు ఇస్తారు. కారు లీజుదైతే దేశం దాటించవచ్చని ఒక ఉత్తరం. అత్తమామల విజిటర్ ఇన్సూరెన్స్ కెనడాలో పనిచేస్తుందో లేదో మెయిల్లో అడగండి, అమెరికాకి మాత్రమే రాసిన పాలసీలు చాలా ఉన్నాయి. వచ్చేవాళ్లలో ఎవరిమీదైనా తాగి బండి నడిపిన కేసు ఎప్పుడైనా ఉంటే, గ్రీన్‌కార్డున్నా సరే, కెనడావాళ్లు గుమ్మంలోనే వెనక్కి పంపవచ్చు. ఇది నలుగురిలో అడిగే ప్రశ్న కాదు, మీవారే స్నేహితుల చెవిన వేయాలి.

ఇక వంట దగ్గరికి వద్దాం. ఆ పనిని మీ పేరున రాసినవాళ్లకి బాన్ఫ్‌లో వండటమంటే ఏమిటో తెలిసినట్టు లేదు. అది ఎలుగుబంట్లు తిరిగే అడవి. టెంటు దగ్గర వాసన వచ్చే వస్తువు ఏదీ మనిషి కాపలా లేకుండా ఉండకూడదని పార్కు నియమం. కూలరు, గిన్నెలు, స్టవ్వు, చెత్త, గిన్నెలు కడిగిన నీళ్లు అన్నీ రాత్రికి కార్లోకో, ఇనప లాకర్లోకో, నీళ్లు పారబోసే చోటికో చేరిపోవాలి. నియమం తప్పితే నేషనల్ పార్కుల చట్టం కింద జరిమానా 25,000 డాలర్ల దాకా ఉండొచ్చు. వాసన అంటే మనకి కూర గుర్తొస్తుంది. వాళ్ల లెక్కలో అత్తగారి కొబ్బరినూనె సీసా, టూత్‌పేస్టు, అగరొత్తులు, ఆవకాయ డబ్బా మూత కూడా అందులోకే వస్తాయి. ఇంగువ తాళింపు పెట్టిన చీరతో టెంట్లో పడుకోకూడదు, బట్టలు మార్చుకుని అవీ కార్లో పెట్టాలి. అంటే పదమూడు మందికి వండటం అందులో సగం పనే. చలిలో, చీకట్లో, చన్నీళ్లతో అప్పటికప్పుడు అన్నీ కడిగి, తుడిచి, సర్దడం రెండో సగం. జూలైలో కూడా అక్కడ రాత్రి 5, 6 డిగ్రీల సెల్సియస్‌కి దిగుతుంది.

ఈ పేరా యథాతథంగా మీ గ్రూపులో పెట్టినా నాకు అభ్యంతరం లేదు. పెట్టి, "నేను ఒక రాత్రి చేస్తాను, మా అత్తగారి వంట రోజూ నేనే చూసుకుంటాను, మిగతా రాత్రులు ఎవరెవరు?" అని అడగండి. దీనికి అలగాల్సిన పని లేదు, సంజాయిషీ కూడా అక్కర్లేదు. మరమరాలు, అటుకులు, వేయించిన రవ్వ, పొడులు, పులిహోర పేస్టు ఉంటే అత్తగారికి ఆరు రాత్రులు గడిచిపోతాయి. పచ్చి కరివేపాకు, నిమ్మకాయలు మాత్రం బార్డర్ దాటించే ప్రయత్నం చేయొద్దు, వచ్చేటప్పుడు అమెరికా వైపు పట్టుకుంటారు. ఏమున్నా నోరు విప్పి డిక్లేర్ చేస్తే మహా అయితే తీసి పారేస్తారు, దాస్తే జరిమానా. పొయ్యి కట్టెలు కూడా ఇక్కణ్ణుంచి మోయకండి, పురుగు వస్తుందని రానివ్వరు. పార్కులోనే అమ్ముతారు.

మామగారి విషయం నన్ను ఎక్కువ ఆలోచింపజేసింది. ఆయన కష్టం మీకు చెప్పి, దాన్ని దాచే బాధ్యత కూడా మీకే ఇచ్చారు. మీవారేమో నాన్న మళ్లీ ఇంత దూరం రాగలరో లేదోనని ఇప్పుడే అన్నీ చూపించాలని తాపత్రయపడుతున్నారు, నాకలా అనిపిస్తోంది. ఇద్దరూ ఒకరికోసం ఒకరు అబద్ధమాడుతున్నారు, మధ్యలో మీరు. ఆయన మాట మీరు బయటపెట్టనక్కర్లేదు. మీవారిచేత సరైన ప్రశ్న అడిగిస్తే చాలు. "వస్తావా నాన్నా?" అంటే ఏ తండ్రయినా వస్తాననే అంటాడు. "రాత్రి ఎన్నిసార్లు లేస్తున్నావు? టాయిలెట్ వంద గజాల దూరంలో ఉంటుంది, చలిలో టార్చి పట్టుకుని వెళ్లాలి, ఎలా?" అని అడగమనండి. ఆ ప్రశ్నకి అబద్ధం చెప్పడం కష్టం.

మీ స్నేహితులు ఈపాటికి "ఓటెంటిక్ తీసుకోండి, మంచాలుంటాయి" అనే ఉంటారు. టన్నెల్ మౌంటెన్ దగ్గర, టూ జాక్ లేక్ దగ్గర ఉన్నాయవి. చెక్క నేల, పరుపులు, గట్టి గుడారం, బాగానే ఉంటాయి. కానీ టాయిలెట్ బయటే, లోపల వండకూడదు. మీ ఇంటి రెండు సమస్యల్లో ఒక్కటీ దానితో తీరదు. అది నడుం నొప్పి ఉన్నవాళ్లకి సరిపోయే ఏర్పాటు.

మీ ముందు నాకు కనిపించే దారులు మూడున్నాయి.

అందరూ వెళ్లండి, కానీ అందరూ టెంట్లో పడుకోనక్కర్లేదు. పార్కు బయట క్యాన్‌మోర్‌లో కిచెన్, బాత్రూమ్ ఉన్న సూట్ ఒకటి తీసుకుంటే బాన్ఫ్ ఊరికి అరగంట లోపే. అత్తమామలు, మీరు అక్కడ, మీవారు పాప టెంట్లో, లేదంటే రాత్రికి ఒకరు మారుతూ. అత్తగారికి పొయ్యి దొరుకుతుంది, మామగారికి టాయిలెట్ దొరుకుతుంది. ఖర్చు పెరుగుతుంది, జూలైలో అక్కడ గదులు చవక కాదు. "మనం క్యాంపింగ్‌కి వచ్చి హోటల్లో ఉండటమేంటి" అని ఎవరో ఒకరు అంటారు కూడా. ఈ దారిలో మామగారికి దక్కేది పెద్దది. సియాటిల్ నుంచి బాన్ఫ్ దాదాపు 950 కిలోమీటర్లు. ఒక్కరోజులో తోలకుండా క్యామ్‌లూప్స్‌లోనో రెవెల్‌స్టోక్‌లోనో రాత్రి ఆగి, ఆయన్ని ముందు సీట్లో కూర్చోబెట్టండి. రోజర్స్ పాస్ ఎక్కి దిగడం, బాన్ఫ్‌లో హైవే మీదుగా జంతువుల కోసం కట్టిన చెట్ల వంతెనలు, ఆయన జీవితమంతా చేసిన పనికి దగ్గరవి. ఆయనకి టెంటుకన్నా రోడ్డే ఎక్కువ నచ్చుతుందని నా అనుమానం. ఒకటి గుర్తుంచుకోండి, మొరైన్ లేక్ రోడ్డులోకి 2023 నుంచి సొంత కార్లను వదలడం లేదు. షటిల్ ముందే బుక్ చేసుకోవాలి, లేకపోతే పెద్దవాళ్లని తీసుకెళ్లి గేటు దగ్గర్నుంచి వెనక్కి రావాలి.

రెండోది, బార్డర్ దాటకపోవడం. మీ హెచ్-4 పెండింగ్ అని తేలినా, కెనడా వీసాలు సమయానికి రాకపోయినా ఇదే మిగులుతుంది. అందుకని ఇప్పుడే ఒక తేదీ పెట్టుకుని అప్పటికి కాగితాలు రాకపోతే ఇటు మళ్లాలి. మీకు మూడు గంటల దూరంలోనే నార్త్ క్యాస్కేడ్స్ ఉంది, ప్రవేశ రుసుము లేదు. అక్కడి డయాబ్లో లేక్‌కి ఆ పచ్చనీలం రంగు రావడానికి కారణం, బాన్ఫ్ సరస్సులకి వచ్చిన కారణం ఒకటే. హిమానీనదాలు రాయిని అరగదీసిన మెత్తటి పొడి నీళ్లలో తేలడం. మోంటానాలోని గ్లేసియర్ పార్కు బాన్ఫ్‌తో పోల్చదగినదే. కాకపోతే 2026 నుంచి అమెరికా నివాసులు కాని పెద్దవాళ్లకి అక్కడ మనిషికి 100 డాలర్లు అదనంగా వేస్తున్నారు, అత్తమామల లెక్కలో అది కలుపుకోండి. ఈ దారిలో పోయేది స్నేహితుల గుంపు. మీవారికి అది చిన్న నష్టం కాదు, ఆ మాట ముందే ఒప్పుకుంటే ఆయన మీ మాట వింటారు.

మూడోది, మీవారు పాపని తీసుకుని స్నేహితులతో వెళ్లడం, మీరు అత్తమామలతో ఉండి దగ్గర్లోని చోట్లు చూపించడం. పాపకి పాస్‌పోర్టు, తల్లిగా మీ సమ్మతి రాసిచ్చిన ఉత్తరం ఉండాలి. దీన్లో అందరి శరీరాలూ సుఖపడతాయి. కానీ నాన్నకి చూపించాలన్న ఆయన కోరిక తీరదు, మీ హెచ్-4 ఆయన మీదే ఆధారపడింది కాబట్టి మీ భయమూ పూర్తిగా పోదు, ఇంట్లో కూర్చుని భయపడతారు. నాకు ఇది అన్నిటికన్నా బలహీనంగా కనిపిస్తోంది. అయితే మీ హెచ్-4 రాకుండా మీవారు ఎలాగైనా వెళ్లాలని పట్టుబడితే ఇదే దారి.

ఏ దారైనా, గదులైనా సైట్లయినా డబ్బు వెనక్కి వచ్చేలా బుక్ చేయండి. ఆ కొండల్లో వేసవి అంటే కార్చిచ్చుల కాలం. 2024 జూలైలో పక్కనున్న జాస్పర్‌ని ఖాళీ చేయించారు, ఊళ్లో మూడోవంతు దాకా కాలిపోయింది. మంట దూరంగా ఉన్నా పొగకి పెద్దవాళ్లు తట్టుకోలేకపోవచ్చు.

"నీకు ప్రతిదానికీ టెన్షనే" అన్న మాటకి జవాబుగా వాదన పెట్టుకోకండి. మామగారు నడకకి వెళ్లిన సమయం చూసి, రెండు ఐ-797లూ బల్ల మీద పెట్టి, ముందు మీ తేదీ చూపించండి. కెనడా వీసా ఫారాలు ఎవరు నింపుతారో అడగండి. నాన్నగారి రాత్రుళ్ల గురించి ఆయన్నే కనుక్కోమనండి. వంట సంగతి గ్రూపులో మీరే రాయండి, మీవారి ద్వారా చెప్పించొద్దు. ఇక మీ నోటీసు ఇంకా రాలేదని తేలితే నేను మొదటి దారి గురించి రాసినదాంట్లో మీకు సంబంధించినదంతా పక్కన పెట్టేసి, లాయరు అవునని రాసేదాకా మీ వంతు కెనడా వీసాకి ఫీజు కూడా కట్టకండి.